అప్ప అంటే ఎవరు?

తెలుగులో ఇన్ని వేల మాటలుండగా మా కొంప మీదికి వచ్చింది మాత్రం రెండక్షరాల మాట ఒక్కటే. కొంప మీదికి అని ఊరికే అనడం లేదు, నిజంగానే కొంప. అమ్మా నేనూ ఉంటున్న ఇల్లు. బంటింగ్ ఊరి చివర, తోటలు కొట్టేసి ఫ్యాక్టరీలు కట్టగా మిగిలిన కాస్త పచ్చదనంలో, దొర పెద్ద బంగళా వెనక రెండు గదులూ ఒక వంటిల్లూ. అమ్మ పెళ్ళయి కాలుపెట్టింది అందులోనే, నేను పుట్టింది అందులోనే, మా నాన్న పోయిందీ అందులోనే.

దొర తెల్లవాడే గానీ ఎవరైనా పొరపాటున ఇంగ్లీషువాడు అంటే అంతెత్తున లేచేవాడు. "ఐరిష్!" అని ఎదుటివాడి చెవి చిల్లు పడేలా దిద్దేవాడు. కుర్రతనంలో రబ్బరు తోటకి చిన్న దొరగా వచ్చాడు. తోటలు చేతులు మారి, తోటి దొరలంతా తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోయినా తను కదల్లేదు. ఇక్కడే భూములు కొన్నాడు, అమ్మాడు, బాగా గడించాడు, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఉండిపోయాడు. మా అమ్మ ఆయన ఇంట్లో వంట చేసేది. వంట అని తేలిగ్గా అనేశాను గానీ, ఆయన ఏ రోజు ఏ చొక్కా వేసుకోవాలో, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలో, ఎవరితో మాట్లాడటం మానేయాలో కూడా అమ్మే చెప్పేది.

ఆయన అమ్మని "అప్పా" అని పిలిచేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి ఈ రబ్బరు తోటల దేశానికి వచ్చిన మా వాళ్ళకి అప్ప అంటే అక్క. అమ్మ తన ఇంట్లో పెద్దపిల్ల. లయంలో, అంటే తోటకూలీలకి వరసగా కట్టిన ఆ ఇళ్ళల్లో, తోడబుట్టినవాళ్ళే కాక పక్కింటి పిల్లలు కూడా అప్పా అప్పా అంటూ ఆమె వెనకే తిరిగేవారట. కొత్తగా వచ్చిన దొర అది విని, ఆ పిల్ల పేరే అప్ప అనుకున్నాడు. వంటకి కుదిరిన మొదటి రోజే "అప్పా, టీ!" అని కేకేశాడట.

"నాకంటె పెద్దోడివి, నువ్వు నన్ను అప్ప అంతావేటి దొరా? నలుగురూ నవ్వుతారు" అందట అమ్మ.

"అందరూ అంతన్నారు గదా!" అన్నాడట ఆయన. ఆయనకి వచ్చిన తెలుగంతా లయం తెలుగే మరి. తరవాత ఎవరో అర్థం చెప్పారు. అయినా మార్చలేదు. అమ్మ ఐ.సి. మీద, అంటే గుర్తింపు కార్డు మీద, ఇంకేదో పేరుంటుంది, నామకరణం నాటి పేరు. ఆ పేరు ఆ బంగళాలో ఒక్కసారి కూడా వినబడలేదు.

దొర ముసలితనంతో, నిమ్మళంగా, ఆసుపత్రి మంచం మీద పోయాడు. చర్చిలో కార్యక్రమానికి క్లబ్బు స్నేహితులొచ్చారు, నల్ల బట్టల్లో చెమటలు కక్కుకుంటూ. ఐర్లండ్ నుంచి మాత్రం అప్పటికి ఎవరూ అందుకోలేకపోయారు. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాక అమ్మకి పట్టుకున్న బెంగ ఒకటే.

"దొరకి తోడబుట్టినావిడ ఉంది గదే ఆ దేశంలో. తమ్ముడు పోనాడు. ఆవిడ్ని పలకరించినోళ్ళెవరు? మనం ఎల్లి పలకరించొద్దా?"

"ఎక్కడికెల్తాం అమ్మా, ఐర్లండ్‌కా? క్లాంగ్ బస్సెక్కి దిగే ఊరనుకున్నావా?"

"ఫోనుంది గదా" అంది అమ్మ. నేను నంబరు లేదన్నాను. ఆమెకి తృప్తి కలగలేదు. మా వాళ్ళల్లో ఒక ఇంట్లో మనిషి పోతే, ఆ ఇంటివాళ్ళని వరస పెట్టి పిలిచి రెండు కన్నీళ్ళు రాల్చి రాకపోతే, పోయినవాడికే అవమానం. ఆ పని జరగలేదని అమ్మ రోజూ గొణుక్కుంటూనే ఉంది.

కొన్ని వారాలకి క్లాంగ్‌లోని లాయరు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. నేను స్కూలు వ్యాన్ తోలుతాను. పిల్లల్ని దింపేసి, అదే వ్యానులో అమ్మని ఎక్కించుకుని వెళ్ళాను. లాయరు తమిళాయన, మర్యాదస్తుడు. అప్పటికే ఐర్లండ్ నుంచి వచ్చిన మేనల్లుడు, అంటే ఆ అక్కగారి కొడుకు, ఏసీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, మొహం ఎండకి కందిపోయి టమాటాపండులా. క్లబ్బు స్నేహితుడు చైనా పెద్దాయన ఒక పక్క. దొర లాయర్లతో తగువులు పెట్టుకున్న మనిషి కాబట్టి, వీలునామా తనే సొంత దస్తూరితో రాసుకుని, క్లబ్బులో ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించాడు.

లాయరు చదువుతుంటే నాకు దొర గొంతే వినిపించింది. ఐర్లండ్‌లోని తాతల నాటి పొలం, బ్యాంకులో డబ్బులో పెద్ద వాటా మేనల్లుడికి. చేపల గాలాలన్నీ, కారుతో సహా, ఈ చైనా పెద్దాయనకి. ఆయనకి చేపలంటే పడదు, కారు నడపడం అసలే రాదు. "చచ్చాక కూడా ఏడిపిస్తున్నాడు" అని ఆయన ఒక పక్క నవ్వుతూ ఒక పక్క ముక్కు చీదుకున్నాడు. చర్చి పైకప్పుకి కొంత. పాత లయం దగ్గరి మా రామాలయానికి కొత్త గేటు, ఎందుకంటే పాత గేటు కిర్రుమని తన నిద్ర పాడు చేస్తుందట. వీధి కుక్కల ఆశ్రమానికి కొంత. రోజూ కుక్కల్ని బూతులు తిట్టిన మనిషి! తోటమాలికి మోటారుసైకిలు. బంగళా, దాని చుట్టూ ఉన్న నేల, ఇంకా ఏమైనా మిగిలితే అది కూడా అమ్మేసి, తల్లీతండ్రీ లేని పిల్లల ఆశ్రమానికి.

ఆ తరవాత చివరి వాక్యం. నా బంగళా వెనకున్న ఇల్లు, అది నిలబడ్డ నేల, అప్పకి. ఎవరూ ఎప్పటికీ అప్పని బయటికి పంపకుండా.

నా కళ్ళు చెమర్చాయి. అమ్మ చెయ్యి నొక్కాను. లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదొక్కటే నాకు అర్థం కాలేదు. అప్పా అంటే నాన్న కదా. ఆయన నాన్నగారు ఎప్పుడో పోయారు" అన్నాడు.

తమిళంలో అప్పా అంటే నాన్నే. ఆయన తప్పేం లేదు. ఈ దేశంలో ఎవర్నడిగినా అదే చెబుతారు.

"సార్, అది తెలుగు మాట. ఇదిగో ఈవిడే, మా అమ్మే అప్ప!" అన్నాను.

"ఏటంతన్నాడే?" అని అమ్మ నా మోచెయ్యి గుంజింది.

"నువ్వు దొరకి బాబువంట!"

"ఓలమ్మో! ఇదెక్కడి సోద్యమే!" అని అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లాయరు నొచ్చుకోకుండా నిదానంగా చెప్పాడు. పోయినవాళ్ళకి రాసింది చెల్లదు. అప్ప అంటే తండ్రి అయితే ఆ ఇల్లు కూడా బంగళాతో కలిసి ఆశ్రమం కింద అమ్మకానికి పోతుంది. ఇల్లు దక్కేది మాకు కాబట్టి మా మాటని సాక్ష్యంగా తీసుకోవడం కష్టం. బయటివాళ్ళెవరైనా చెప్పాలి. చైనా పెద్దాయన వైపు ఆశగా చూశాను. ఆయన పాపం చాలాసేపు ఆలోచించాడు. "నా ఎదురుగా ఎప్పుడూ 'మా వంటావిడ' అనేవాడు. ఫోన్లో నాతో మాట్లాడుతూ మధ్యలో అప్పా అప్పా అని కేకేస్తుంటే నేను కుక్క పేరనుకున్నానే" అన్నాడు. తోటమాలి ఇండోనేసియా నుంచి మొన్న మొన్న వచ్చినవాడు, అమ్మని మక్‌చిక్, అంటే పిన్నీ, అంటాడు తప్ప ఇంకో మాట ఎరగడు.

ఆ వారంలోనే బంగళా కొంటానన్న ఫ్యాక్టరీ యజమాని మనుషులు టేపులు పట్టుకుని దిగారు. గిడ్డంగి కడతారట. మా వంటింటి గోడకి ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. అమ్మ వాళ్ళని కూచోబెట్టి టీ ఇచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా? మన గోడకి రంగు పూసినోళ్ళకి టీలు పోస్తన్నావా?" అని అరిచాను.

"ఎండలో పడొచ్చినారు. ఆళ్ళేటి సేస్తారే, పంపినోడు పంపినాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి కట్టేసి, వ్యానులో కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే మాకు వేరే దిక్కు లేదు. తోట మూసేసి లయాలు పడగొట్టిన నాడు కూలీలందరికీ ఊరవతల ఫ్లాట్లు ఇచ్చారు. మా అమ్మ దొర ఇంట్లో ఉంటోంది కదా అని ఆ జాబితాలో చేర్చలేదు. అప్పుడు దొర "నేనుండగా నీకెందుకు అప్పా ఫ్లాటు" అన్నాడు. ఆ మాట నమ్మి ఊరుకున్నాం. నేను అద్దె గదులు చూడటం మొదలుపెట్టాను. అన్నీ షాపుల మీద రెండో అంతస్తులో, నిటారు మెట్లు. అమ్మ మోకాళ్ళు గుడి మెట్టే ఎక్కలేవు. ఒక గదిలో కిటికీ కూడా లేదు. ఆ గది యజమానురాలు "ముసలావిడకి కిటికీ ఎందుకు" అంది. చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది, కొట్టలేదు, ఆ గది కూడా చేజారితే ఎలాగని నమస్కారం పెట్టి వచ్చాను.

సాక్ష్యం కోసం తిరిగాను. తెలుగు పాఠాలు చెప్పడానికి ఆంధ్ర నుంచి వచ్చిన మాస్టారొకాయన ఊళ్ళో ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి అడిగితే, "అప్పా? అక్క కదండీ అనేది. మా వైపు అలా అనం" అన్నాడు. కృష్ణా ఒడ్డు మనిషి, మా శ్రీకాకుళం వైపు మాట ఆయనకేం తెలుసు? లయం నాటి పాత మనుషుల్ని ఒక్కొక్కర్నీ వెతికాను. కొందరు పోయారు. ఉన్నవాళ్ళు పిల్లలతో మనవలతో తమిళంలో పడిపోయారు. "మేమూ అక్క అనే అంటాం ఇప్పుడు, ఆ పాత మాట గుర్తే లేదు" అన్నారు. నాకు భయం వేసింది. మాట బతికుందని చెప్పే మనిషి లేకపోతే మా ఇల్లు పోతుంది. ఇంతకంటే దిక్కుమాలిన కష్టం ఎవరికైనా వస్తుందా అనుకున్నాను.

చివరికి మిగిలింది మా మావ. అమ్మ తోడబుట్టినవాళ్ళలో బతికున్న ఒకే ఒక్క తమ్ముడు. సుంగై సిపుట్‌లో మోటారుసైకిళ్ళు బాగుచేసే కొట్టు. పొద్దున్నే బయల్దేరి, ఈపో దాటి, మధ్యాహ్నానికి కొట్టు ముందు ఆగాను. మావ చేతులకి గ్రీసుతో లేచి వచ్చాడు. అత్త తమిళ ఆడపడుచు, పిల్లలంతా తమిళమే. నేను జరిగింది చెబుతుంటే మావ ముక్క తెలుగు ముక్క తమిళం కలిపి, "అప్పకి ఇల్లు నేకుండా పోద్దా? నానుండగానా?" అని అప్పటికప్పుడే చొక్కా మార్చుకుని వ్యానెక్కాడు. ఆ నోటి వెంట 'అప్ప' అన్న మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. దారంతా పాటలు పెట్టుకుని వచ్చాం.

మర్నాడు లాయరు ఆఫీసు. మళ్ళీ అందరం. మేనల్లుడు కూడా తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుని ఉన్నాడు. లాయరు తమిళంలో మావని అడిగాడు, "ఈవిడ మీకేమవుతారు?" అని.

మావ తమిళంలోనే, చేతులు కట్టుకుని, మహా వినయంగా, "మా అక్క సార్" అన్నాడు.

"ఏమని పిలుస్తారు?"

"అక్క అని సార్."

లాయరు కలం కింద పెట్టేశాడు.

"మావా! నీ కొట్టు కాదిది! తెలుగులో సెప్పు!" అని కేక పెట్టాను.

మావ ఉలిక్కిపడి, "తెలుగులో ఐతే అప్ప! అప్పే! పుట్టిన కాడ్నించీ అప్పే!" అన్నాడు. "తమిళంలో అడిగితే తమిళంలో సెప్పినాను, నన్ను తిడతావేటే గుంటా?" అని నా మీద విసుక్కున్నాడు. తరవాత లాయరుకి ఓపిగ్గా వివరించాడు. మాకు తండ్రి అంటే అయ్య, నేకపోతే బాబు. అప్ప అంటే తనకన్నా ముందు పుట్టిన ఆడపిల్ల. లయంలో అందరికీ ఈవిడే అప్ప. దొర మమ్మల్ని చూసే నేర్చుకున్నాడు. లాయరు శ్రద్ధగా విన్నాడు. మావకి ఆ ఇంటి మీద ఏ హక్కూ లేదు కాబట్టి ఆయన మాటకి బరువుందన్నాడు. కాగితం మీద రాసుకుంటూ పైకి చదివాడు, "అప్ప అనగా అక్క."

నేను మావ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. గెలిచాం అనుకున్నాను. ఆ క్షణాన నాకంటే సంతోషంగా ఉన్న మనిషి క్లాంగ్ ఊళ్ళో లేదు.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మేనల్లుడు తలెత్తాడు.

"అక్క అనా అర్థం? మా మావయ్యకి ఒక్కతే అక్క. మా అమ్మ."

కాస్త తడబడుతూ మళ్ళీ అన్నాడు. "మీ మనసు కష్టపెట్టాలని కాదు. కానీ చూడండి, నాకు రాశారు, స్నేహితుడికి రాశారు, కుక్కలకి రాశారు. సొంత అక్క పేరు ఇందులో ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ అదే నాకు బాధగా ఉంది. ఇప్పుడు అర్థమైంది." వాళ్ళమ్మకి తొంభై దాటాయి, మొన్ననే పడి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. మావయ్య డబ్బు చేతికందేలోపు, చూసుకునే మనుషుల కోసం అతను ఇల్లు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడుతున్నాడట. అబద్ధం చెప్పే మొహం కాదు. అదే నాకు ఇంకా భయమేసింది.

లాయరు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. 'బయటికి పంపకుండా' అన్న మాట మా వైపే మొగ్గుతున్నా, సొంత అక్క ఉండగా అతని వాదన తీసిపారేసేది కాదన్నాడు. ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక వీడియోలో అడిగి అప్పుడు తేలుద్దామన్నాడు.

ఊరూరూ తిరిగి, మనిషిని పట్టుకొచ్చి, నా చేతులతో నేనే ఆ మాటని రుజువు చేసి, దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి ఒళ్ళో పెట్టొచ్చాను. ఎవరికి చెప్పుకోను? మావ వ్యానులో "నాను తప్పు సెప్పినానేటి?" అని పదిసార్లు అడిగాడు. కాదు మావా అన్నాను. ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. అన్నం సహించలేదు. స్కూలు పిల్లల మీద అనవసరంగా అరిచాను. కిటికీ లేని గదికి అడ్వాన్సు ఇచ్చొచ్చాను. అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు సర్దుతుంటే, అమ్మ నేను సర్దిన గిన్నెల్ని మళ్ళీ తీసి తోమి అల్మారాలో పెట్టింది.

"దొర మాటిచ్చినాడు. నాకెందుకే పెట్టెలు?"

"దొర పోనాడమ్మా! మాట కూడా పోనాది! నీకు అర్తం కాదేటి?" అన్నాను. అమ్మ చిన్నబుచ్చుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. అలా అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, ఓదార్చే ఓపిక నాలో మిగల్లేదు.

వీడియో రోజు వచ్చింది. వెళ్ళే ముందు అమ్మకి నీలంచీర కట్టి, తల దువ్వి, గట్టిగా చెప్పాను. "ఆవిడ తెర మీద కనబడతాది. నువ్వు నోరు మెదపకు. ఏటి అడిగినా నానే సెప్తాను. నీకు దండం పెడతాను అమ్మా, ఒక్క మాట కూడా మాట్లాడకు." అమ్మ బుద్ధిగా తలూపింది.

లాయరు బల్ల మీద కంప్యూటరు తిప్పి పెట్టాడు. కాసేపు గీతలు, గరగర. తరవాత తెల్లటి దిండు మీద, ముగ్గుబుట్టలాంటి తలతో, దొర కళ్ళే పెట్టుకున్న ఒక ముసలామె కనబడింది. అచ్చం ఆ కళ్ళే. మేనల్లుడు "అమ్మా, వినబడుతోందా?" అని గట్టిగా అడిగాడు. లాయరు గొంతు సవరించుకుని ప్రశ్న మొదలుపెట్టబోయాడు.

మా అమ్మ కుర్చీలోంచి లేచింది. రెండు చేతులూ తెర వైపు చాపింది.

"అప్పా!" అని భోరుమంది. "అప్పా, నీ తమ్ముడు పోనాడు అప్పా! ఎంత మంచోడప్పా, ఎల్లిపోనాడప్పా! నీకు ఇన్నాళ్ళకి పలకరింపుకొచ్చినాను, తప్పుగా అనుకోకు అప్పా!"

నేను చీర కొంగు పట్టి లాగాను, ఆగలేదు. తమ్ముడిలాంటి మనిషికి అక్క అయితే తనకీ అక్కే. ఆ వరస కాక ఇంకే వరస పెట్టి పిలుస్తుంది? లాయరు కలం ఆగింది. అతను మేనల్లుడి వైపు చూశాడు, మేనల్లుడు నా వైపు చూశాడు. అందరికీ వినబడింది. ఇల్లు అడగడానికి వచ్చిన మనిషే తన నోటితో తనే, ఎదుటావిడని పట్టుకుని అప్ప అంది. అయిపోయింది. కిటికీ లేని గది నా కళ్ళ ముందు కదిలింది. నేను మొహం చేతుల్లో దాచుకున్నాను.

తెరలోంచి బలహీనమైన గొంతు వినబడింది. ఇంగ్లీషు, దొర యాసే.

"ఏమని పిలిచింది నన్ను?"

ఆవిడ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని తెర దగ్గరికి జరిగింది.

"కాదమ్మా, కాదు. నేను కాదు. అప్ప నువ్వే కదూ? ప్రతి ఆదివారం వాడు ఫోను చేసేవాడు. నేనింకా రెండు ముక్కలు మాట్లాడదామనుకునే లోపే, 'ఉంటాను, అప్ప కేకేస్తోంది, అన్నం చల్లారిపోతుంది' అని పెట్టేసేవాడు. నాకెంత కుళ్ళుగా ఉండేదో నీ మీద!" ఆవిడ నవ్వింది, దగ్గొచ్చింది, కళ్ళు తుడుచుకుంది. "నాకేమీ రాయొద్దని నేనే చెప్పాను వాడికి. నేను ఏ కప్పు కింద పోతానో నాకు తెలుసు, ఆవిడకి తెలియదు కదా అన్నాను. నేను వట్టి అక్కని. అప్పవి నువ్వు."

మేనల్లుడు తల దించుకున్నాడు. లాయరుతో, "రాసుకోండి" అన్నాడు.

నేను ఏడుస్తూనే ఉన్నాను. అమ్మ ఇంకా నిలబడే ఉంది, తెర వైపు చేతులు చాపుకుని. వెనక్కి తిరిగి నన్ను కుదిపింది.

"ఏటంతందే ఆవిడ? ఎందుకేడుస్తన్నావు? కోపమొచ్చిందేటి, ఆలీసంగా పలకరించినానని?"

"నేదమ్మా. అప్పవి నువ్వేనంట."

"ఆ మాట నాకు తెల్దేటి?" అని అమ్మ విసుక్కుంది. "అది కాదే. వొంట్లో ఎలాగుందో, కూడు ఎవరొండి పెడతన్నారో, అదడుగు ముందు."